బికాష్ సిన్హా: విశ్వం తొలి క్షణాల వేడిని వెలుగుతో కొలవాలన్న శాస్త్రవేత్త.. ఇంతకీ క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మా అంటే ఏంటి?

ఐసు గడ్డను వేడి చేస్తే నీళ్లవుతుంది. నీళ్లను మరిగిస్తే ఆవిరవుతుంది. ఆవిరిని ఇంకా వేడి చేస్తూ పోతే అణువులు విడిపోతాయి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అక్కడా ఆగకుండా సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీల దాకా తీసుకెళ్తే? కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు కూడా కరిగిపోతాయి. వాటి లోపల ఎప్పుడూ బందీలుగానే ఉండే క్వార్కులు, గ్లూవాన్లు బయటపడి ఒకే ద్రవంలా కలిసి పారతాయి. ఆ పదార్థాన్నే క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మా అంటారు. బిగ్‌బ్యాంగ్ తర్వాత మొదటి కొన్ని మైక్రోసెకన్ల పాటు విశ్వమంతా ఇదే స్థితిలో ఉందన్నది శాస్త్రవేత్తల మాట.

ఇప్పుడు ఈ పదార్థాన్ని ల్యాబ్‌లో తయారు చేస్తున్నారు. బంగారం, సీసం లాంటి బరువైన మూలకాల కేంద్రకాలను కాంతి వేగానికి చాలా దగ్గరగా పరిగెత్తించి ఒకదానికొకటి ఢీకొట్టిస్తారు. భార అయాన్ల తాకిడి అంటే ఇదే. తయారు చేయడం ఒక ఎత్తయితే, తయారైందని రుజువు చేయడం ఇంకో ఎత్తు. ఎందుకంటే ఆ నిప్పుముద్ద బతికేది 10 మీద మైనస్ 23 ఘాతం సెకన్ల లెక్కలో. ఒకటి పక్కన 23 సున్నాలు పెట్టి సెకనును అన్ని ముక్కలు చేస్తే, అందులో కొన్ని ముక్కల సేపు మాత్రమే. థర్మామీటర్ పెట్టే మాటే లేదు. మరి వేడెంతో తెలిసేదెలా?

ఆ ప్రశ్న చుట్టూ నాలుగు దశాబ్దాలు పనిచేసిన సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త బికాష్ సిన్హా. కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ (వీఈసీసీ), సాహా ఇన్‌స్టిట్యూట్.. రెండింటికీ డైరెక్టర్‌గా చేశారు. 2001లో పద్మశ్రీ, 2010లో పద్మభూషణ్ అందుకున్నారు. 2023 ఆగస్టు 11న 78 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అవార్డుల సంగతి చాలామంది రాశారు గానీ, ఆయన పట్టుకున్న సైన్స్ ప్రశ్న ఏంటన్నది తక్కువ మందే చెప్పారు.

ముర్షిదాబాద్ నుంచి కేంబ్రిడ్జ్‌కి.. మళ్లీ వెనక్కి

సిన్హా 1945లో పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లా కాందీ రాజకుటుంబంలో పుట్టారు. కోల్‌కతా ప్రెసిడెన్సీ కాలేజీ తర్వాత కేంబ్రిడ్జ్‌లో చదివారు. అక్కడ ఆయన మొదలుపెట్టింది క్వార్కులతో కాదు. కేంద్రకంపైకి ఒక కణం వచ్చి తగిలినప్పుడు దాని మీద పనిచేసే బలాన్ని ఎలా లెక్కగట్టాలన్న పాత తరం అణు భౌతిక శాస్త్రంతో. ఆ పనితోనే ఇంగ్లండ్‌లో పేరొచ్చింది. అయినా 1976లో ఇండియాకి తిరిగొచ్చి ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో చేరారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ రంగంలో పెద్ద మలుపు తిరుగుతోంది. క్వార్కులు ఒకదానికొకటి ఎంత దగ్గరైతే వాటి మధ్య బలం అంత తగ్గుతుందని 1973లో తేలింది. దానికే 2004లో నోబెల్ వచ్చింది. అలాగైతే, పదార్థాన్ని బాగా వేడెక్కిస్తే గానీ, బాగా నొక్కితే గానీ క్వార్కులు స్వేచ్ఛగా తిరగాలి కదా అని లెక్కలు మొదలయ్యాయి. రష్యన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ షుర్యాక్ 1978లో దీన్ని ప్లాస్మా అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. 1980ల మొదట్లో సిన్హా కూడా ఈ దారిలోకి వచ్చారు. అప్పటికి మన దేశంలో ఈ సబ్జెక్టు పనిచేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

వెలుగునే ఎందుకు నమ్మాలి?

తాకిడిలో పుట్టే కణాలు వేలల్లో ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్లు. ఇవన్నీ బలమైన శక్తితో ఒకదాన్నొకటి పట్టుకునే రకం. నిప్పుముద్ద లోపల పుట్టిన కణం బయటికి వచ్చేలోపు పక్కవాటితో పదిసార్లు గుద్దుకుంటుంది. కిక్కిరిసిన బస్సులోంచి దిగినవాడి చొక్కా చూసి, అతను ఇంట్లో ఎలా తయారై బయల్దేరాడో చెప్పగలమా? ఇదీ అంతే. ఆ కణాలు చెప్పేది చల్లారాక ఉన్న చివరి క్షణం సంగతే.

ఫోటాన్ అలా కాదు. కాంతి కణానికి విద్యుదయస్కాంత బలం తప్ప వేరే బంధుత్వం లేదు. నిప్పుముద్ద సైజు చిన్నది కాబట్టి, లోపల పుట్టిన ఫోటాన్ దాదాపుగా ఎవరినీ తాకకుండా నేరుగా బయటికొచ్చేస్తుంది. తాను పుట్టినప్పుడు లోపల వేడి ఎంతో ఆ కబురు చెడిపోకుండా తెస్తుంది. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రగా ఉందా, పసుపు రంగుకు తిరిగిందా, తెల్లగా మండుతోందా అన్నది చూసి వేడి అంచనా వేస్తాడు కదా.. ముట్టుకోనక్కర్లేదు. ఫోటాన్లతో వేడి కొలవడమూ సరిగ్గా అదే పద్ధతి. ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలు, మ్యూవాన్ జంటలు కూడా ఇలాగే మధ్యలో ఆగకుండా బయటపడతాయి.

ఈ ఆలోచన సిన్హా ఒక్కరిదే కాదు. రష్యాలో ఫైన్‌బర్గ్, షుర్యాక్ అంతకుముందే చెప్పారు. సిన్హా 1983లో ఫిజిక్స్ లెటర్స్ జర్నల్‌లో వేసిన పేపర్‌లో జోడించింది ఇంకో మెలిక. నిప్పుముద్ద ఎంత పెద్దది, ఎంత వేగంగా ఉబ్బుతోంది అన్నవి మనకు సరిగ్గా తెలియవు. ఆ తెలియనివి ఫోటాన్ల లెక్కలోనూ వస్తాయి, మ్యూవాన్ జంటల లెక్కలోనూ వస్తాయి. మరి ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే? తెలియనివి చాలావరకు పైనా కిందా కొట్టుకుపోతాయి. మిగిలేది ముఖ్యంగా వేడికి సంబంధించిన సమాచారం. చిన్న లెక్కలా కనిపిస్తుంది గానీ, ప్రయోగం చేసేవాళ్లకు ఇది చాలా పెద్ద వెసులుబాటు. పాతికేళ్ల తర్వాత కూడా ఆయన గ్రూపు ఇదే నిష్పత్తిని ఎల్‌హెచ్‌సీ రోజులకు తగ్గట్టు మళ్లీ లెక్కగట్టింది.

ప్లాస్మాను పట్టుకోవడానికి ఇదొక్కటే దారి కాదండోయ్. జె-సై అనే కణం ప్లాస్మాలో కరిగిపోయి తక్కువగా కనిపిస్తుందని 1986లో మట్సుయీ, సాట్జ్ చెప్పారు. అది ఇంకా ఎక్కువ పాపులర్ అయింది. అయితే అది ప్లాస్మా ఉందా లేదా అన్నది చెబుతుంది. వేడెంతో నేరుగా చెప్పేది మాత్రం వెలుగే.

ఎదురుదెబ్బలు

లెక్క కాగితం మీద బాగానే ఉంది. ప్రయోగంలో మాత్రం చుక్కలు చూపించింది. ఎందుకంటే డిటెక్టర్‌కి తగిలే వంద ఫోటాన్లలో ఎనభై, తొంభై దాకా నిప్పుముద్దవి కావు. పై-జీరో అనే పయాన్ బయటికొచ్చాక విరిగిపోయి రెండు ఫోటాన్లవుతుంది. ఆ ఫోటాన్లే అన్నిచోట్లా నిండిపోతాయి. జాతరలో మైకుల హోరు మధ్య ఒక్కరి గొంతు గుర్తుపట్టడం లాంటిది ఈ పని.

రెండో చిక్కు సిద్ధాంతం వైపు నుంచే వచ్చింది. 1991లో కపుస్తా, లిచార్డ్, సైబర్ట్ అనే ముగ్గురు ఒక లెక్క వేశారు. ఒకే ఉష్ణోగ్రత దగ్గర ప్లాస్మా ఎంత వెలుగు ఇస్తుందో, మామూలు పయాన్ల వాయువు కూడా దాదాపు అంతే ఇస్తుందని తేల్చారు. అంటే వెలుగు కనిపించినంత మాత్రాన అది ప్లాస్మా అనడానికి లేదు. అసలు విషయం ఎంత వేడి దగ్గర, ఎంతసేపు వెలిగిందన్నదే. సిన్హా వాదన దీంతో కొట్టుకుపోలేదు గానీ, కష్టం రెట్టింపైంది.

మూడోది 1994 నాటిది. జెనీవా దగ్గర సెర్న్ ల్యాబ్‌లో గంధకం కేంద్రకాలను బంగారం రేకు మీదికి వదిలిన డబ్ల్యూఏ80 ప్రయోగం నుంచి తొలి అంచనా డేటా వచ్చింది. దినేశ్ శ్రీవాస్తవతో కలిసి సిన్హా ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో ఒక పేపర్ వేశారు. ప్లాస్మా పుట్టి, చల్లారి, పయాన్లుగా మారిందనుకుంటేనే ఈ ఫోటాన్ల లెక్క సరిపోతోందన్నది దాని సారాంశం. చాలామంది దృష్టి దాని మీద పడింది. అయితే 1996లో అదే డబ్ల్యూఏ80 బృందం తుది ఫలితాన్ని ప్రకటించినప్పుడు, నికరంగా ఇన్ని ఫోటాన్లు అదనంగా ఉన్నాయని చెప్పలేకపోయింది. ఇంతకంటే ఎక్కువ ఉండవు అన్న పై హద్దు మాత్రమే ఇచ్చింది. అంటే రుజువు చేజారినట్టే. కానీ ఆ పై హద్దు కూడా ఉపయోగపడింది. నిప్పుముద్ద మరీ ఎక్కువ వేడితో మొదలైందని గానీ, లోపల కొన్ని రకాల కణాలే ఉన్నాయని గానీ చెప్పే సిద్ధాంతాలు దాంతో పక్కకి పోయాయి.

2000లో గంధకం బదులు సీసం-సీసం తాకిడులు చూసిన డబ్ల్యూఏ98 బృందం, లెక్కకు అందని అదనపు ఫోటాన్లు నిజంగానే కనిపించాయని ప్రకటించింది. ఇందులో భారతీయ బృందం భాగస్వామి. అదే ఏడాది ఫిబ్రవరిలో సెర్న్ కూడా పదార్థపు కొత్త స్థితికి ఆధారాలు దొరికాయని అధికారికంగా చెప్పింది. ఆ ఫోటాన్లను వేడి ప్లాస్మాతోనూ వివరించొచ్చు, బాగా వేడెక్కిన పయాన్ల వాయువుతోనూ వివరించొచ్చు అన్న వాదులాట మాత్రం సాగుతూనే పోయింది.

అమెరికాలో తేలిన వేడి.. కొత్తగా మొదలైన చిక్కుముడి

న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో 2000లో రిక్ అనే యంత్రం మొదలైంది. 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో బంగారం కేంద్రకాలను ఎదురెదురుగా పరిగెత్తించి గుద్దించడం దాని పని. 2005లో అక్కడి నుంచి వచ్చిన వార్త అందరి అంచనాలనూ తారుమారు చేసింది. క్వార్కులు వాయువులా చెల్లాచెదురు కావట్లేదు, ద్రవంలా పారుతున్నాయి. అదీ అలాంటిలాంటి ద్రవం కాదు, లోపలి రాపిడి దాదాపు లేని ద్రవం. 'స్వేచ్ఛగా తిరిగే క్వార్కుల వాయువు' అని పాఠాల్లో రాసుకున్న బొమ్మ చెరిపేయాల్సి వచ్చింది.

2010లో రిక్‌లోని ఫీనిక్స్ బృందం ఫోటాన్ల ద్వారా వేడి లెక్క చెప్పింది. సుమారు 4 లక్షల కోట్ల డిగ్రీలు. సూర్యుడి నడిబొడ్డున ఉండేది 1.5 కోట్ల డిగ్రీలే. అంటే దానికి రెండున్నర లక్షల రెట్లకు పైనే. ప్రోటాన్లు కరగడానికి కావాల్సిన వేడి కంటే ఇది చాలా ఎక్కువ. వెలుగుతో వేడి కొలవొచ్చన్న సిన్హా తరం పట్టుదలకు దక్కిన ఫలితం ఇదే. ఆ తర్వాత ఎల్‌హెచ్‌సీలో సీసం-సీసం తాకిడుల్లో ఆలిస్ బృందం ఇంకా ఎక్కువ వేడి చూసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. రైలు మన వైపు దూసుకొస్తున్నప్పుడు హారన్ కీచుగా వినిపిస్తుంది కదా. ఉబ్బుతూ మన వైపు వచ్చే నిప్పుముద్ద నుంచి వెలువడే ఫోటాన్ కూడా అలాగే అసలుకంటే వేడిగా కనిపిస్తుంది. కాబట్టి ఫోటాన్ చెప్పిన అంకెను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు, ఉబ్బే వేగాన్ని తీసేసి చూడాలి. మ్యూవాన్ జంటల ద్రవ్యరాశికి ఈ తిప్పలు లేవు. సెర్న్‌లో ఇండియం కేంద్రకాలతో పనిచేసిన ఎన్ఏ60 ప్రయోగం ఈ దారిలోనే వెళ్లింది. సుమారు 205 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ఉష్ణోగ్రతను, అంటే దాదాపు 2.4 లక్షల కోట్ల డిగ్రీలను చూపించింది. ఫోటాన్లను, మ్యూవాన్ జంటలను పక్కపక్కన పెట్టి చూడాలన్న 1983 నాటి ఆలోచన ఎంత పనికొచ్చేదో ఇక్కడ తెలుస్తుంది.

ఇక చిక్కుముడి. ఫోటాన్లు ఎక్కువగా మొదట్లో, బాగా వేడిగా ఉన్నప్పుడు పుడితే అన్ని దిక్కులా ఇంచుమించు సమానంగా రావాలి. ఎందుకంటే అప్పటికింకా ద్రవం ఒక దిక్కుకు పారడం మొదలవ్వదు. కానీ 2012లో ఫీనిక్స్ చూసింది వేరు. ఫోటాన్లు కూడా పయాన్ల లాగే ఒక దిక్కుకు మొగ్గు చూపుతున్నాయి. అంటే ఆలస్యంగా పుట్టాయని అర్థం. ఆలస్యంగా పుడితే వాటి సంఖ్య ఇంత ఎక్కువ ఉండకూడదు. సంఖ్య సరిపెడితే దిక్కు కుదరదు, దిక్కు సరిపెడితే సంఖ్య కుదరదు. దీనికి 'డైరెక్ట్ ఫోటాన్ పజిల్' అని పేరు. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

కాగితం నుంచి కార్ఖానాకి

సిద్ధాంతం చేసే మనిషి డిటెక్టర్ల జోలికి వెళ్లడం అరుదు. సిన్హా విషయంలో అది జరిగింది. విదేశాల్లో ఎవరో తీసిన డేటా మీద పేపర్లు రాయడంతో ఆగకుండా, ఆ డేటా తీసే యంత్రం మన దగ్గర తయారవ్వాలని పట్టుబట్టారు. అలా పుట్టిందే ఫోటాన్ మల్టిప్లిసిటీ డిటెక్టర్. దీన్ని ముందుండి కట్టింది వీఈసీసీకి చెందిన వై.పి. వియోగి బృందం. భువనేశ్వర్, చండీగఢ్, జైపూర్, జమ్మూల్లోని సంస్థలు చేతులు కలిపాయి. సెర్న్‌లో డబ్ల్యూఏ93, డబ్ల్యూఏ98, తర్వాత రిక్‌లోని స్టార్, ఆపైన ఎల్‌హెచ్‌సీలోని ఆలిస్.. వరుసగా నాలుగు ప్రయోగాల్లో ఈ భారతీయ డిటెక్టర్ పనిచేసింది.

ఇది పనిచేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. ముందు ఒకటిన్నర సెంటీమీటర్ల మందం సీసపు పలక. దాని వెనక తేనెతుట్టెలాంటి ఆరుమూలల గదులు, వాటి నిండా ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులు. ఫోటాన్ సీసానికి తగలగానే చిన్నపాటి ఎలక్ట్రాన్ల జల్లు పుడుతుంది, దాంతో పక్కపక్కన ఉన్న చాలా గదులు ఒకేసారి స్పందిస్తాయి. పయాన్ వస్తే మాత్రం చాలాసార్లు ఒక్క గదే స్పందిస్తుంది. ఆ తేడాతో ఏది ఫోటానో పట్టేస్తారు. ఆలిస్‌లో ఇలాంటి గదులు రెండు లక్షలకు పైనే.

ఒక్క మాట. ఈ డిటెక్టర్‌తోనే ప్లాస్మా వేడి కొలిచారని కొన్నిచోట్ల రాస్తుంటారు. అది సరికాదు. ఇది ఫోటాన్లను లెక్కపెడుతుంది, ఎటు వెళ్తున్నాయో చూస్తుంది. ఒక్కో ఫోటాన్ శక్తిని కొలవదు. వేడి లెక్కకు వేరే పరికరాలు ఉన్నాయి.

అన్ని లక్షల గదుల నుంచి వచ్చే సన్నటి విద్యుత్ సంకేతాలను చదవడానికి చిప్‌లు కావాలి. వాటిని కొనుక్కోవడం కంటే ఇక్కడే చేద్దామని సాహా ఇన్‌స్టిట్యూట్‌లో డిజైన్ గీశారు. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్‌లో తయారు చేయించారు. దాని పేరు మానస్. ఒక్కో చిప్‌లో 16 ఛానెళ్లు. భారతీయ డిటెక్టర్‌కే కాదు, ఆలిస్‌లోని మ్యూవాన్ విభాగానికి కూడా ఈ చిప్‌లే వాడారు. ఈ రోజు దేశంలో చిప్‌ల తయారీ గురించి రోజూ చర్చలు చూస్తున్నాం. ఎల్‌హెచ్‌సీ లాంటి చోట మన చిప్ ఏళ్ల తరబడి పనిచేసిందన్నది ఆ చర్చల్లో ఎందుకో పెద్దగా వినిపించదు.

సెర్న్‌లో మన కుర్చీ

సెర్న్‌తో భారత్‌కు 1991లో సహకార ఒప్పందం కుదిరింది. 2002లో పరిశీలక హోదా వచ్చింది. 2004లో భారత ప్రభుత్వం ఇచ్చిన రెండు మీటర్ల నటరాజ విగ్రహం ఇప్పటికీ ఆ ఆవరణలో ఉంది. సోషల్ మీడియాలో దాని మీద తిరిగే వింత కథల గురించి వేరే చెప్పక్కర్లేదు. 2017 జనవరిలో భారత్ అసోసియేట్ సభ్యదేశం అయింది. అంతకుముందు మన వంతు డబ్బు కంటే ఎక్కువగా వస్తువు రూపంలో, పని రూపంలో వెళ్లేది. ఆ పద్ధతిలో లాభం ఏంటంటే డిటెక్టర్ ఎలా కట్టాలో ఇక్కడి యూనివర్సిటీల పిల్లలకు చేతికొచ్చింది.

ఈ సబ్జెక్టు మీద అంతర్జాతీయ సదస్సును 1988లోనే ముంబైలో మొదలుపెట్టారు సిన్హా. అది కొన్నేళ్లకోసారి దేశంలో ఏదో ఒకచోట జరుగుతూ వచ్చింది. ప్రపంచంలో ఈ రంగానికి పెద్ద పండగ లాంటి 'క్వార్క్ మ్యాటర్' సదస్సు 2008లో జైపూర్‌కి వచ్చింది. ఇప్పుడు మన తిరుపతిలోని ఐఐఎస్ఈఆర్ కూడా రిక్‌లోని స్టార్ ప్రయోగంలో భాగస్వామి.

క్వార్క్ ముద్దలు.. నిలబడని ఊహ?

సిన్హా పరిశోధనలో ఇంకో పాయ ఉంది. విశ్వం చల్లారుతూ ప్లాస్మా నుంచి ప్రోటాన్లు పుట్టినప్పుడు, కొంత క్వార్క్ పదార్థం ముద్దలు ముద్దలుగా మిగిలిపోయి ఉంటే? కంటికి కనిపించని కృష్ణపదార్థం అదేనేమో? 1984లో ఎడ్వర్డ్ విట్టెన్ లేవనెత్తిన ఈ ప్రశ్నను సిన్హా, జన్-ఎ ఆలమ్, సిబాజీ రాహా పట్టుకున్నారు. 1999లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో తమ లెక్కలు ప్రచురించారు.

ఇది నిలబడాలంటే ఒక షరతు ఉంది. ఆ మార్పు నీళ్లు మరిగినట్టు, బుడగలు బుడగలుగా జరిగి ఉండాలి. 2006లో నేచర్ పత్రికలో వచ్చిన సూపర్‌కంప్యూటర్ లెక్కలు మాత్రం, తొలి విశ్వంలో ఆ మార్పు ఎండలో పెట్టిన వెన్న మెత్తబడినట్టు నెమ్మదిగా జరిగిందని చూపించాయి. బుడగలు లేకపోతే ముద్దలు మిగలడం కష్టం. అందుకే చాలామంది ఈ ఊహను పక్కన పెట్టేశారు. సిన్హా మాత్రం చివరి ఏళ్ల వరకూ దీన్ని వదల్లేదు. ఆయన ఫోటాన్ల పనికి ఉన్న బలం దీనికి లేదన్నది నిజం.

ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది?

ఎల్‌హెచ్‌సీ రెండో విడత 2018లో ముగిశాక ఆలిస్‌లోని భారతీయ ఫోటాన్ డిటెక్టర్ పని అయిపోయింది. వీఈసీసీ ఇప్పుడు జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కడుతున్న ఫెయిర్ కేంద్రం వైపు తిరిగింది. అక్కడి సీబీఎం ప్రయోగంలో మ్యూవాన్ జంటలను పట్టే గదుల బాధ్యత కోల్‌కతా బృందానిది. ఎల్‌హెచ్‌సీలో వేడి ఎక్కువ, నొక్కుడు తక్కువ. సీబీఎంలో దానికి రివర్స్. న్యూట్రాన్ నక్షత్రాల లోపల ఉండే లాంటి దట్టమైన పదార్థం మీద దాని గురి. ఒకవేళ నీళ్లు మరిగినట్టు జరిగే మార్పు ఎక్కడైనా ఉంటే, అది ఈ దట్టమైన వైపే దొరకాలన్నది ఎక్కువమంది అంచనా.

వేడి కొలిచే పనీ ఆగలేదు. రిక్‌లోని స్టార్ బృందం 2025లో ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటల సాయంతో ఒకే తాకిడిలోని రెండు దశల వేడిని విడివిడిగా ప్రకటించింది. ప్లాస్మాగా ఉన్న తొలి దశలో 3 లక్షల కోట్ల డిగ్రీలకు పైగా, పయాన్లుగా మారే దశకు వచ్చేసరికి 2 లక్షల కోట్ల దగ్గర.